బస్సు వెళ్లే దీవి

బందరు బస్టాండులో అవనిగడ్డ బోర్డున్న బస్సు ఎక్కండి. గంటకి కాస్త అటూ ఇటూగా మీరొక దీవిలో దిగుతారు. ఆ సంగతి కండక్టరు చెప్పడు. పక్క సీట్లో ఆయనా చెప్పడు. ఆ మాటకొస్తే దీవిలో ఉండేవాళ్లకే ఆ ధ్యాస ఉండదు. సినిమా పాటల్లో చూపించే దీవుల్లా ఇక్కడ తెల్లటి ఇసకా, నీలం నీళ్లూ, ఊయల మంచాలూ కనిపించవు మరి. రోడ్డుకి ఇటూ అటూ వరిచేలు, పక్కనే కాలువ, గట్టు మీద తుమ్మచెట్లు, ఊళ్లోకి రాగానే డీఎస్సీ కోచింగ్ బ్యానర్లు. రాష్ట్రంలో ఎన్నో బడుల్లో పంతుళ్లయినవాళ్లు అవనిగడ్డలో గది అద్దెకి తీసుకుని చదువుకున్నవాళ్లే. వాళ్లని అడిగినా ‘దీవిలో చదువుకున్నాం’ అనరు!

కానీ పటం చూడండి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుగా హంసలదీవి వైపు పోతుంది. పెద్దపాయ దక్షిణంగా నాగాయలంక పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు పాయలకీ, బంగాళాఖాతానికీ నడుమ చిక్కిన నేలే అసలైన దివి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అందులోనివే. దీవి అన్న మాటే దివి అయింది. మాల్దీవుల పేరులో ఉన్నదీ అదే మాట. అక్కడికి విమానం టిక్కెట్టు కావాలి, ఇక్కడికి పల్లెవెలుగు టిక్కెట్టు చాలు. జనం వాడుకలో మాత్రం మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల కూడా దివిసీమే. పాయకి ఇవతల ఉన్నా దివి పేరే చెప్పుకుంటాయి.

ఆదివారం ఒక్కరోజులో వెళ్లిరావడానికి ఇంతకంటే వీలైన చోటు ఈ చుట్టుపక్కల లేదని నా ఉద్దేశం. గుడివాడ నుంచి వచ్చేవాళ్లు బందరు దాకా రానక్కర్లేదు. పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరొచ్చు. బందరు నుంచైతే పొద్దున్నే ఒక గంట డచ్చివాళ్ల సమాధుల దగ్గర గడిపి బయల్దేరండి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు... వరసగా వచ్చి దుకాణం తెరిచిన ఊరు ఇది. వాళ్లు కొనుక్కెళ్లింది మన అద్దకం బట్టలు. ఆ పని ఇప్పటికీ పక్కనే పెడనలో సాగుతోంది. మూడొందలు, నాలుగొందల ఏళ్ల నాటి ఆ సమాధి రాళ్ల మీద చెక్కిన కులచిహ్నాలూ, అక్షరాలూ ఎంత నాజూగ్గా ఉన్నాయో చూస్తే, చావుకి కూడా అంత ఖర్చు పెట్టగలిగారంటే బతికుండగా ఎంత సంపాదించారో అనిపిస్తుంది. బందరు లడ్డూ కూడా ఇక్కడే కట్టించుకోండి. తిరుగు ప్రయాణంలో కొందామనుకుంటే అప్పటికి పిల్లలు నిద్రపోతారు.

చల్లపల్లికి ముందు ఘంటసాలలో ఆగాలి. గ్రీకు పండితుడు టాలెమీ రెండో శతాబ్దంలో రాసిన భూగోళంలో ‘కంటకోస్సిల’ అనే వర్తక కేంద్రం ఉంది. అది ఘంటసాలే అని పండితులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ స్తూపం దిబ్బని పందొమ్మిదో శతాబ్దంలో తవ్వారు. మ్యూజియంలో శిల్పాలున్నాయి. పిల్లలు శిల్పాలు చూసి ‘బాగున్నాయి’ అని ఊరుకుంటారు. వాళ్లని ఒక ప్రశ్న అడగండి: ‘ఇక్కడికి పడవలొచ్చేవంట, మరి సముద్రం ఏదీ?’ ఎక్కడ చూసినా వరి తప్ప నీటి జాడ ఉండదు. సముద్రం ఇప్పుడు ఇరవై కిలోమీటర్ల దాకా దూరంలో ఉంది. సముద్రం వెనక్కి పోలేదు, కృష్ణ దాన్ని నెట్టేసింది. సహ్యాద్రి నుంచి దారి పొడవునా కొండల్నీ చేలనీ కడిగి, ఆ ఒండ్రంతా తెచ్చి ఇక్కడ పోసింది. ఏడాదికింత, వందేళ్లకింత... రేవులు పొలాలయ్యాయి. దివిసీమ కథకి మూలం ఇదే. ఇది రాతి దీవి కాదు, పగడాల దీవి కాదు. నది తన చేత్తో తెచ్చి పోసిన మట్టి దీవి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద పని పడుతుంది.

ఇక ఈ మట్టి మీద ఏలినవాళ్ల సంగతి. పదమూడో శతాబ్దం మొదట్లో దివిని అయ్యవంశపు రాజులు పాలించేవారు. కాకతీయ గణపతిదేవుడు బెజవాడ పట్టుకుని, అక్కణ్నుంచి దివి మీదికి వచ్చాడు. చుట్టూ నీళ్లున్నంత మాత్రాన ఆగలేదు. అప్పటి రాజు పినచోడుడు ఓడిపోయాడు. మామూలుగా అయితే కథ అక్కడ ముగిసేది. గణపతిదేవుడు మాత్రం రాజ్యం తిరిగి ఆయనకే ఇచ్చాడు. ఆయన కూతుళ్లు నారమ, పేరమలను పెళ్లాడాడు. వాళ్ల తోడబుట్టిన కుర్రాడు జాయపని వెంట తీసుకెళ్లాడు. ఆ జాయపే కాకతీయుల ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. అంతకంటే పెద్ద సంగతి, సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఏనుగుల్ని నడిపించే చేత్తో నాట్యశాస్త్రం! అందులో శాస్త్రీయ నృత్యాలే కాదు, ఆనాటి జనం ఆడుకునే దేశి నృత్యాలూ ఉన్నాయి. ఏడొందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ బతికించడానికి పూనుకున్నప్పుడు రామప్ప గుడి శిల్పాలతో పాటు ఈ పుస్తకమూ దారి చూపింది. దివి గట్టు మీద పుట్టిన పిల్లాడు రాసిన పుస్తకం అది. మీరు వచ్చిన దారిలోనే కూచిపూడి తగిలింది కదా... ఈ నేలకీ అడుగులకీ ఏదో లంకె ఉన్నట్టే ఉంది. రుజువు అడక్కండి, ఇది నా సరదా.

తర్వాత తెల్లవాళ్ల కన్ను పడింది. బందరు రేవు పక్కనే కాపలాదారులా కూర్చున్న దీవి కదా! ఢిల్లీలో ఫరుక్‌సియర్ చక్రవర్తి దగ్గరికి ఇంగ్లిషు కంపెనీ వాళ్లు పెట్టుకున్న అర్జీలో దివి కూడా ఉంది. 1717లో వాళ్లకి ఫర్మానా దొరికింది గానీ కాగితం వేరు, నేల వేరు. 1750 ప్రాంతంలో బందరుతో పాటు దివి ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. 1754లో రెండు కంపెనీలూ సంధి మాటలు మాట్లాడుకున్నప్పుడు బందరు ఎవరికి, దివి ఎవరికి అనేది పెద్ద పంచాయితీ. చివరికి 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ బందరు కోట మీద పడి పట్టుకోవడంతో ఆ తగువు తీరింది. ఇంతమంది ఇన్నేళ్లు కొట్టుకున్న దీవి ఇది అంటే, పులిగడ్డ సెంటర్లో టీ తాగుతున్నవాళ్లు నవ్వుతారు.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ని చూసుకుని పులిగడ్డ అక్విడెక్టు దగ్గర బండి ఆపించండి. గుడి దగ్గర గంట గడిపేవాళ్లు ఇక్కడ నిమిషం కూడా ఆగరు. ఇది నాకు నచ్చదు. కింద నది పాయ, దాని మీదుగా మరో నీరు... కాలువ నీళ్లు నదిని దాటి దీవిలోకి వెళ్తున్నాయి. కృష్ణ నీళ్లే కృష్ణ నీళ్ల మీదుగా! ఎందుకంటే కింద పాయలో సముద్రపు పోటు నీళ్లు కలుస్తాయి. అవి పంటకి పనికిరావు, గొంతుకీ పనికిరావు. చుట్టూ నీళ్లుండీ దీవికి నీళ్లు తెచ్చుకోవాల్సిందే. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువ వెంట వచ్చి, ఈ తొట్టి దాటి చెరువుల్లో పడితేనే అవతల వరీ, మనిషీ.

అవనిగడ్డ దాటి నాగాయలంక చేరితే నది ఎదురొస్తుంది. శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర మెట్ల మీద కూర్చుంటే ఇది నదో సముద్రమో తెలియనంత వెడల్పు. చాలామంది ఇక్కడే ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. మీరు తిరక్కండి. అసలు ప్రయాణం ఇక్కణ్నుంచే.

దివి దీవే అయినా వంతెనలొచ్చాక దాని దీవితనం పోయింది. దీవి అంటే ఏమిటో ఇంకా తెలియాలంటే దివికి కొసన ఉన్న ఎదురుమొండి వెళ్లాలి. నాగాయలంక నుంచి ఏటిమొగ వెళ్లి, అక్కడ పంటు ఎక్కాలి. పంటు మీద మోటారుసైకిళ్లు, గడ్డిమోపులు, గ్యాస్ బండలు, సిమెంటు బస్తాలు, బడి సంచులు, కొత్త పెళ్లికూతురి సారె... ఏది అవతలికి పోవాలన్నా ఈ చెక్కల మీదుగానే. నేను వెళ్లినరోజు పక్కన నిలబడ్డ పెద్దావిడ కాసేపు నన్నే చూసి, ‘‘ఎవరింటికండీ?’’ అని అడిగింది.

‘‘ఎవరింటికీ కాదమ్మా, ఊరికే చూడ్డానికి’’ అన్నాను.

‘‘ఏవుందని బాబూ చూడ్డానికి?’’

ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. చుట్టం ఉంటే తప్ప మనిషి రాని చోటుకి ఊరికే వచ్చినవాడు ఎవరికైనా వింతే కదా.

ఏముందంటే... ఎదురుమొండి, నాచుగుంట, ఇంకా కిందికి సముద్రపు ఒడ్డున ఈలచెట్లదిబ్బ. ఒకవైపు వరి, ఒకవైపు చేపలూ రొయ్యల చెరువులు, ఆ తర్వాత మడ అడవి. గట్టు మీద ఆరేసిన వలలు. వాటి పక్కనే ఎండుచేపల వాసన. మొదటి పది నిమిషాలు ముక్కు మూసుకున్న పిల్లలు పదకొండో నిమిషంలో పీతల వెంట పరుగెత్తుతారు. ఎవరినైనా దారి అడిగితే దారి చెప్పి ఊరుకోరు, మంచినీళ్లు తాగుతారా అంటారు. ఆ గ్లాసు ఖరీదు అక్విడెక్టు దగ్గర ఆగినవాళ్లకే తెలుస్తుంది.

కొందరు రచయితలు ఇలాంటి ఊళ్లకి వెళ్లొచ్చి, వంతెన లేకపోవడం వల్లే ఇంత ప్రశాంతంగా ఉందని రాస్తుంటారు. ఆ మాట రాత్రి పన్నెండింటికి నొప్పులు పడుతున్న కోడల్ని మంచం మీద రేవుకి మోసుకొచ్చిన అత్తగారి ముందు అనమనండి! గాలి ఎక్కువగా ఉంటే పంటు ఆగుతుంది. వరదొస్తే ఆగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు కిందికొచ్చాయి. అదంతా చివరికి ఈ పాయల్లోంచే కదా సముద్రంలోకి పోవాలి! వంతెన కావాలన్నది ఇక్కడ తరాలుగా నడుస్తున్న కోరిక. వారానికోసారి వచ్చేవాడికి పంటు సరదా, రోజూ ఎక్కేవాడికి అది గండం. మనం సరదా పడొచ్చు, తప్పులేదు. కానీ వాళ్ల గండాన్ని మన సరదా కోసం కాపాడమనకూడదు.

దివిసీమలో ఏ ఊళ్లోనైనా అరవై దాటినవాళ్లతో మాట కలిపితే, కాసేపటికి ఆ మాట ఒకే తేదీ దగ్గరికి చేరుతుంది. 1977 నవంబరు 19. శనివారం. రోజంతా గాలి. సాయంత్రానికి సముద్రం లేచి ఊళ్ల మీదికి వచ్చింది. తాటిచెట్టంత అల అంటారు చూసినవాళ్లు. శాస్త్రజ్ఞుల లెక్కలో అయిదు మీటర్ల పైచిలుకు. అయిదు మీటర్లంటే మన ఇంటి డాబా పైకి ఇంకో మనిషి నిలబడ్డంత. మట్టి గోడల మీద తాటాకు కప్పుకున్న ఊళ్లకి అది చాలదా? కోడూరు, నాగాయలంక వైపు పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. తాటిచెట్టు పట్టుకున్నవాళ్లు కొందరు బతికారు. చంకలో బిడ్డతో చెట్టు పట్టుకున్నవాళ్లలో, తెల్లారేసరికి బిడ్డ లేనివాళ్లు ఉన్నారు. నీళ్లు తీశాక ముళ్లకంపల్లో మనుషులూ పశువులూ ఒక్కటిగా చిక్కుకుని కనిపించారు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పదివేలు దాటారు. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని ఇక్కడివాళ్ల నమ్మకం. కూలి పనుల కోసం వచ్చినవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో ఉంటాయి?

అప్పుడు రాష్ట్రమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు అడిగారు. మదర్ థెరిసా వచ్చారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు అంతకు రెండేళ్ల ముందే, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మంత్రి. తెలుగువాళ్లందర్నీ ఒకచోట కూర్చిన మనిషి, తన సీమ శవాల దిబ్బ అయితే వాటి మధ్య తిరిగాడు. దివిసీమ గాంధీ అనే పేరు ఆయనకి ఊరికే రాలేదు. స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇళ్ల కాలనీలు కట్టించాయి. ఉప్పెన ఎంతదూరం వచ్చిందో అక్కడ ఒక స్మారకం నిలిపారు.

అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి ఇలాంటిదే బందరు మీదికి వచ్చింది. పట్నంలోనూ చుట్టుపక్కలా 30 వేలమంది పోయారు. పొద్దున డచ్చి సమాధులు చూశారు కదా! ఆ వైభవానికి ఆఖరి దెబ్బ ఆ రాత్రే. అంటే 113 ఏళ్ల తేడాతో రెండు ఉప్పెనలు, రెండూ నవంబరులోనే. మొదటిదాని పాఠం రెండోదాని నాటికి ఎవరికీ గుర్తులేదు. ముగ్గురు నలుగురు తరాలు మారితే అంతే. తాత చెప్పింది మనవడి దాకా వస్తుంది, మునిమనవడికి అది కథ.

రెండోదాని పాఠం మాత్రం ఒంటబట్టింది. 1990 మే 9న మరో పెనుతుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే రేడియోలు మోగాయి, లారీలు కదిలాయి, లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. పోయినవాళ్లు వెయ్యిలోపు. వెయ్యి తక్కువని కాదు, పదివేలు కాలేదని. తుపాను షెల్టర్లు లేచాయి, బందరులో రాడార్ నిలబడింది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో తుపాను కన్ను ఎక్కడుందో గంటగంటకీ చూస్తున్నాం. చూడ్డం మంచిదే. కానీ ఒక చిక్కుంది. ‘ప్రతిసారీ ఏదో వస్తుందంటారు, ఏమీ రాలేదు’ అని షెల్టరుకి వెళ్లనివాళ్లు పెరుగుతున్నారు. ప్రాణాలు దక్కినందువల్లే భయం తగ్గిపోతోంది. ఆ అరవై దాటినవాళ్లు ఉన్నంతకాలం ఫరవాలేదు. అందుకే పిల్లల్ని ఇప్పుడే తీసుకెళ్లమంటున్నాను. స్మారకం దగ్గర ఫొటో కోసం కాదు, కాసేపు ఆ పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టడానికి. వాళ్లు చెప్పరు, అడిగితే చెబుతారు.

ఇక పైన గుర్తుపెట్టుకోమన్న మట్టి సంగతి. నది రోజూ కొత్త మట్టి తెస్తేనే ఈ నేల నిలుస్తుంది. పాత ఒండ్రు తన బరువుకి తనే మెల్లగా కుంగుతుంది, సముద్రం అంచుల్ని కొరుకుతుంది. రెంటికీ నది జవాబు కొత్త ఒండ్రు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం, పైన ఆల్మట్టి... ఒక్కొక్కటీ మనకి అన్నం పెట్టింది, కరెంటు ఇచ్చింది. కాదనలేం. కానీ ఒండ్రు అక్కడే జలాశయాల అడుగున కూర్చుంటోంది. కిందికి వచ్చే నీళ్లే తక్కువ, వచ్చినా తేటగా వస్తున్నాయి. ఘంటసాల దగ్గర సముద్రాన్ని ఇరవై కిలోమీటర్లు నెట్టిన నది ఇప్పుడు నెట్టడం మానేసింది. డెల్టా అంచున చాలాచోట్ల కోత మొదలైందని ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. ఒడ్డు పక్కనున్నవాడికి ఉపగ్రహం అక్కర్లేదు. నిన్న వల ఆరేసిన చోటు ఇవాళ నీళ్లలో ఉంటే వాడికే తెలుస్తుంది.

మిగిలిన కాపలా మడ అడవి. నాగాయలంక నుంచి పడవ మీద పాయల్లోకి వెళ్తే రెండువైపులా చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. బురదలోంచి మేకుల్లా వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మడచెట్టు ముక్కులు. బురదలో గాలి ఆడదు కాబట్టి పైకి వచ్చి పీల్చుకుంటుంది. తిల్లచెట్టు కొమ్మ మాత్రం విరవనివ్వకండి, పాలు కంట్లో పడితే మంట అంతా ఇంతా కాదు. దాదాపు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం ఇది. బావురుపిల్లి అనే చేపలు పట్టే పిల్లి ఇక్కడ ఉంది. మీకు కనిపిస్తుందని ఆశ పెట్టను, అది రాత్రి సంచారి. వేళ్ల మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. అల వస్తే ఆ వేళ్లే దాని ఊపు విరుస్తాయి. 1990ల్లో రొయ్యల జోరులో తీరం పొడవునా చెరువులు తవ్వినప్పుడు మడ ఎంతో పోయింది. ఎకరం మడ నరికి చెరువు చేస్తే మొదటి రెండేళ్లు డబ్బే డబ్బు, తర్వాత తెగులు. చేయి కాల్చుకున్నవాళ్లు ఈ సీమలో వీధికొకరున్నారు. అటవీశాఖ మళ్లీ నాటుతోంది. నాటిన మొక్కకి నీళ్లు పోయడానికి ఆటుపోటు నీరు చేరేలా చిన్న చిన్న కాలువలు తీస్తున్నారు. చేప ఎముకలా ఉంటుంది ఆ ఏర్పాటు. పడవవాణ్ని అడిగితే చూపిస్తాడు.

సీమ మళ్లీ పెద్దవాళ్ల కంట్లో పడింది కూడా. బందరు పక్కన కొత్త పోర్టు పనులు 2023 మేలో మొదలయ్యాయి. నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. అప్పుడు ఓడల కోసం కొట్టుకున్నారు, ఇప్పుడు రాకెట్ల కోసం వస్తున్నారు. రోడ్లు బాగుపడతాయి, ఉద్యోగాలొస్తాయి అంటున్నారు. రానీ. వచ్చేదేదైనా ఈ మట్టి మీదే నిలబడాలి కాబట్టి, మడని కాస్త లెక్కలో వేసుకుంటే అందరికీ మంచిది.

హంసలదీవికి సాయంత్రం వెళ్లాలని చాలామంది అంటారు. వేణుగోపాలస్వామి గుడి, అక్కణ్నుంచి పాలకాయతిప్ప మీదుగా సాగరసంగమం. పాపాలు మోసి నల్లబడి కాకిలా మారిన గంగ ఇక్కడ మునిగి హంస అయిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి జనం ఇసక వేస్తే రాలనంత ఉంటారు. ఎదురుమొండీ, హంసలదీవీ ఒక్కరోజులో కుదరవు. ఏదో ఒకటి ఎంచుకోండి. సంగమంలో ఈత వద్దు. పైకి నున్నగా కనిపిస్తుంది గానీ నది లాగుడూ, సముద్రం లాగుడూ కలిసే చోటది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో వెళ్తే వాతావరణ కేంద్రం మాట విని వెళ్లండి. తాగే నీళ్లు ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్లండి, దీవివాళ్ల చెరువు మీద భారం వేయకండి. ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. భోజనం అవనిగడ్డలోనో నాగాయలంకలోనో... పండుగప్ప దొరికితే వదలకండి. పంటు ఎక్కేముందు ఆఖరి పంటు ఎప్పుడో కనుక్కోండి. చలికాలం చివర్లో సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి వస్తాయి. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వైపు అటవీశాఖవాళ్లు గుడ్లని ఏరి కంచె లోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటారు. ముందుగా వాళ్లని అడిగి వెళ్తే చూడనిస్తారు. టార్చిలైటు మాత్రం వెయ్యకూడదు, వెలుగు చూస్తే అవి సముద్రం అనుకుని ఊరి వైపు నడుస్తాయి.